ఫారంలో రెండు తూర్లు బయ్యమ్మ

పుంగనూరు,
ఆదివారం.

అవ్వా,

కడుపులో బిడ్డ బాగుండాది. ముందు ఆ మాట చెప్పేసినా, ఇంగ కుదురుగా కూర్చోని సదువు. ఫోన్లో అయితే సగంలోనే పెట్టేస్తావని ఉత్తరం రాస్తాండా.

మదనపల్లె డాక్టరమ్మ దగ్గర ఫారంలో మా అమ్మ వాళ్ళమ్మ పేరడిగితే నీ పేరే, బయ్యమ్మ అన్నా. అత్త పేరడిగితే మళ్ళా బయ్యమ్మే అన్నా. నర్సు తప్పు పడిందనుకోని ఒకటి కొట్టేసింది. "కొట్టొద్దమ్మా, ఇద్దరూ ఒకరే. నేను మేనమామను చేసుకున్నా" అంటే, డాక్టరమ్మ మా ఇద్దరికీ రక్తపరీక్ష రాసింది.

నాకూ మామకూ రక్తంలో ఒకే లోపం దాగుండాదంట. అది ఒకరి నుంచి వస్తే బిడ్డకేం కాదు. ఇద్దరి నుంచీ వస్తే బతికినన్నాళ్ళూ నెలనెలా రక్తం ఎక్కించాలంట. అందుకే బెంగళూరులో కడుపులో నీళ్ళు సూదితో తీసి పరీక్ష చేసినారు. రిపోర్టు వచ్చేదాకా నేను సంగటి తింటానే ఉండా గానీ, మామకు ముద్ద దిగలేదు. నిన్న వచ్చింది. బిడ్డకు ఆ జబ్బు లేదంట! మొగబిడ్డా, ఆడబిడ్డా అని మాత్రం అడగొద్దు. వాళ్ళు చెప్పరు, నేనూ అడగలేదు.

ఇంగ అసలు మాట. చెల్లెలు యమునను నీ చిన్నకొడుక్కు చేసుకుంటానని కుప్పమంతా చెప్తాండావంట. వాళ్ళిద్దరికీ రక్తపరీక్ష అయ్యేదాకా తాంబూలాలు వొద్దు. ఇద్దరికీ ఆ లోపముంటే బయట సంబంధమే సూద్దాము. "బయటిపిల్ల నన్ను సూస్తుందా" అని ఏడవొద్దు, నేనుండాను గదా.

ఇట్లు,
నీ మనవరాలు, నీ పెద్దకోడలు.
ఇద్దరమూ కలిసి అడగతాండాము, ఒకరి మాటన్నా విను.