చెంపల కొలత

చిరంజీవి మనవరాలికి అమ్మమ్మ దీవెనలు.

మీ నాన్న నడుము ఎలా ఉంది? మీ అమ్మ మోకాళ్లు? తమ్ముడి దగ్గు తగ్గిందా? ఇక్కడ తాతయ్యకి గ్యాసు, నాకు గుండెదడ, మిగతా అంతా క్షేమం. మరి నీ ముఖానికేమైందే? డాక్టరు నీ చెంప ఎముకలు పైకి లేపుతాడని మీ అమ్మ ఉత్తరం చివర ఒక్క ముక్క రాసి ఊరుకుంది. అవి ఎప్పుడు కిందికి జారాయి? మెట్ల మీంచి పడ్డావా? ఎవరైనా కొట్టారా? నిజం చెప్పు, తాతయ్యకి చెప్పను.

ఇట్లు, నిద్రపట్టని అమ్మమ్మ.

తా.క.: తాతయ్యకి చెప్పేశాను. చొక్కా తొడుక్కుని గుమ్మంలో కూర్చున్నారు. ఎవర్ని కొట్టాలో రాస్తే బయలుదేరతారట.

* * *

అమ్మమ్మకి నమస్కారాలు.

ఎవరూ కొట్టలేదు, తాతయ్యని చొక్కా విప్పమను. ఇది అందం కోసం. ముఖం మూడు సమాన భాగాలుగా ఉండాలట: జుట్టు మొదలు నుంచి కనుబొమల దాకా, అక్కణ్ణుంచి ముక్కు కొస దాకా, ఆ తర్వాత గడ్డం దాకా. నాకవి కుదిరాయి కానీ చెంపలే చదును. లోపల చిన్న బిళ్లలు పెడతారు. పదహారో తారీఖున ఆపరేషన్. ఎలాంటి చెంపలు కావాలో ఫోటో కూడా ఇచ్చాను.

నీ మనవరాలు.

తా.క.: ఎవరి ఫోటోనో ఇప్పుడే చెప్పను.

* * *

తల్లీ, దీవెనలు.

బిళ్లలా! తుమ్మితే ఊడి గొంతులో పడితేనో? నా మనసు ఆగక కుట్టుమిషను టేపు తీశాను. తాతయ్య మధ్యాహ్నం కునుకు తీస్తుంటే కొలిచాను. జుట్టు మొదలు వెతుక్కుంటూ పోతే మెడ వెనక తేలాను. ఆయన లేచి, "ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదే?" అని టోపీ పెట్టుకున్నారు. ఇంతవరకూ తీయలేదు. పాలవాడు నా చేతిలో టేపు చూసి, పాలు గేటు దగ్గరే పెట్టి పోతున్నాడు. మూడు భాగాలూ సమానంగా కుదిరింది మన పిల్లి ఒక్కదానికే. అప్పట్నుంచి అది నా వంక చూడ్డం మానేసింది.

ఇంతకీ ఫోటోలో ఆ మహాతల్లి ఎవరే? ఆవిడ చెంపలు నీకెందుకు?

ఇట్లు, కంగారుతో అమ్మమ్మ.

తా.క.: జుట్టు మొలిపించే డాక్టరున్నాడేమో కనుక్కో. అడిగింది తాతయ్య కాదు అనుకో.

* * *

అమ్మమ్మా,

ఆ మహాతల్లివి నువ్వే. మా హాల్లో గోడ మీద నీ పెళ్లికి ముందు ఫోటో ఉందే, అది. ఇప్పుడంటే వయసుకి జారాయి గానీ, ఎంత చక్కటి చెంపలు! నాకు ఎవరి పోలికా రాలేదని అందరూ అన్నప్పుడల్లా ఆ ఫోటో ముందు నిలబడి ఏడ్చేదాన్ని. డాక్టరు ఆ ఫోటో మీద స్కేలు పెట్టి చూసి, "రెండు వైపులా వెంట్రుకవాసి తేడా లేదు" అన్నాడు. నీ పోలిక నాకు కావాలి. కాదనకు.

నీ మనవరాలు.

* * *

నా బంగారు తల్లీ,

ఆ ఫోటో తీసిన రోజు నాకు పై పన్ను వాచి ఎడమ చెంప కంటి దాకా ఉబ్బింది. ఫోటో తీసేవాడు అప్పటికే వచ్చి కూర్చున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, నా కుడి బుగ్గలో దూది ఉండ కుక్కి, "ఇప్పుడు సమానం" అన్నాడు.

అవి వయసుకి జారినవి కావే. నా చెంపలు ఎప్పుడూ చదునే, అచ్చం నీవే. నీకు ఎవరి పోలికా రాలేదన్న వాళ్లకి కళ్లద్దాలు కొనివ్వాలి. నేను వచ్చి నీ పక్కన నిలబడతాను, ఆ డాక్టర్ని స్కేలు పట్టుకుని రమ్మను. అందాకా ఎవర్నీ నీ ముఖం ముట్టుకోనివ్వకు.

ఇట్లు, నీ ముఖమే ఉన్న అమ్మమ్మ.

తా.క.: అప్పటికీ ఫోటోలో చెంపలే కావాలంటావేమో, దూది తెస్తున్నాను. పన్నునొప్పి మాత్రం నువ్వే చూసుకోవాలి. పదిహేనో తారీఖు, పొద్దుటి బస్సు.