కాళ్ళు ఆనని బిషప్పు గారు

అక్కకు ప్రభువు నామంలో వందనాలు.

ఆదివారం నన్ను బిషప్పు పీఠం మీద కూర్చోబెట్టారు. బోధించే అధికారమంతా ఆ కుర్చీలోనే ఉందట. నేను కూర్చోగానే గుడి గుడంతా లేచి నిలబడింది. నా ఎత్తు నీకు తెలియంది కాదు. ఎక్కినప్పటి నుంచి కాళ్ళు నేలకు ఆనడం లేదక్కా!

నీ తమ్ముడు

తా.క.: వెనక వరసలవాళ్ళు కుర్చీ ఖాళీగా ఉందనుకున్నారట.

*

బిషప్పు గారైన తమ్ముడికి అక్క రాసేది.

పదవి వచ్చి వారం కాలేదు, అప్పుడే కాళ్ళు నేలకు ఆనడం లేదా? నీ ముక్కు తుడిచి పెంచినదాన్ని నేను. మర్యాదగా కిందికి దిగు.

నీ మీద బెంగతో,
అక్క

తా.క.: ఇక నుంచి నిన్ను 'మీరు' అనాలా అని మీ బావ అడిగాడు. అక్కర్లేదన్నాను.

*

అక్కకు వినయంగా వందనాలు.

గర్వం కాదక్కా, పొట్టితనం. ప్రసంగం చెబుతుంటే కాళ్ళు వాటంతటవే ఊగుతున్నాయి. ముందు వరసవాళ్ళు దేవుడి మాట వదిలేసి అవే చూస్తున్నారు. నేను ఇంత కుర్చీకి తగనేమోనని దిగులుగా ఉంది. నేను బతిమాలితే సంఘ పెద్దలు అయిష్టంగానే టేపు పెట్టి కొలిచి, కాళ్ళు జానెడు కోయిస్తే సరిపోతుందన్నారు. బుధవారం కోస్తారు.

నీ పొట్టి తమ్ముడు

తా.క.: కోసిన ముక్కలు పొయ్యిలోకి పనికొస్తాయని వంటమనిషి అడిగింది. సరేనన్నాను.

*

నాయనా తమ్ముడూ,

తిట్టినందుకు క్షమించు. షుగరుందని ఎందుకు దాచావురా? ఉన్నదే పొట్టి, అందులోంచి జానెడా? టేపుతో కొలిచి కోసే ఆ డాక్టరెవడు? మంగళవారం బండికి బయల్దేరుతున్నాం. మేం వచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకు.

ఏడుస్తూ,
అక్క

తా.క.: మీ బావ చక్రాల కుర్చీ కొన్నాడు. ఆ వంటమనిషిని ముందు పనిలోంచి తీసెయ్.

*

క్షేమంగా ఇల్లు చేరారని తలుస్తూ, అక్కకు.

వడ్రంగి రంపం తీసేసరికి నువ్వు గుడిలోకి పరిగెత్తుకొచ్చి, "ఆ కాళ్ళ మీద రంపం పడిందో, ఊరుకునేది లేదు!" అని అరిచావు చూడు, పీఠమంటే నీకున్న భక్తికి సంఘ పెద్దలు కరిగిపోయారు. కోత రద్దు. నేను నడిచి రావడం చూసి నువ్వు కావిలించుకుని ఏడ్చావు, ఆనక వీపు మీద ఒక్కటిచ్చావు. అదింకా నొప్పిగానే ఉంది.

చక్రాల కుర్చీ పాత బిషప్పు గారికిచ్చాను. పాపం, మోకాళ్ళు అరిగి మంచం దిగడం లేదు. మొన్న ఆదివారం అందులోనే గుడికి వచ్చారు. ప్రసంగం మధ్యలో నా ఎడమ చెప్పు జారి టప్పున పడింది. నాకు తల కొట్టేసినట్టయింది. ప్రార్థన అయ్యాక ఆయన నన్ను పిలిచి చెవిలో, "నావీ జారేవయ్యా. తాళ్ళ బూట్లు కొనుక్కో" అన్నారు. ఆ కుర్చీ ఎక్కాక నాకు ఊపిరాడింది అప్పుడే.

నీ తమ్ముడు

తా.క.: ఆయనకు ముందున్న బిషప్పు గారు ఆరడుగుల మనిషట. కాళ్ళు హాయిగా ఆనేవి కాబట్టి, ప్రసంగం మొదలుపెడితే భోజనాల వేళ దాటినా ఆపేవారు కాదట. అప్పటి నుంచి మనవాళ్ళు పైవాళ్ళను బతిమాలి మరీ పొట్టివాళ్ళనే వేయించుకుంటున్నారట!