రిజిస్టరులో ఏనుగు కథ

అక్కా,

విరాళాలు ఆగిపోయాక నువ్వు వేరే ఉద్యోగానికి వెళ్తూ, "మన పిల్లల గ్రంథాలయం తన కాళ్ల మీద తను నిలబడిన రోజు కబురు చెయ్యి, వచ్చేస్తాను" అన్నావు. అందుకే ఈ ఉత్తరం.

చిరిగిన కథల పుస్తకాల కోసం నువ్వు నేర్పిన బైండింగు పని ఇప్పుడు బయటివాళ్లకూ చేస్తున్నాను. మొదట్లోనే ఒక పొరపాటు జరిగింది. ఒక వకీలుగారి రిజిస్టరులో ఏనుగు కథ నాలుగు పేజీలు కలిపి కుట్టేశాను. గుమాస్తాగారు అది పట్టుకుని వచ్చేశారు.

"ఏమ్మా, ఏనుగును బావిలో పడేసి ఊరుకుంటే ఎలా? తర్వాత ఏమైందో తెలియక మా ఆఫీసులో పని సాగడం లేదు" అన్నారాయన.

మిగతా కథ ఇక్కడే నిలబడి చదువుకుని, ఏడాది రిజిస్టర్లన్నీ మనకే ఇచ్చారు. ఆయన మాట మీద ఇంకో మూడు ఆఫీసులు వచ్చాయి. ఈ నెల అద్దె, కరెంటు బిల్లు పోను నీ జీతం మిగిలింది.

పిల్లలు కథ చెప్పమంటున్నారు. నేను చదివితే రెండో వరుసకే వినపడదు, నీకు తెలుసుగా. కిటికీ దగ్గర నీ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వలేదు. నేనూ కూర్చోలేదు.

జీతం మాట ముందు రాసింది ధైర్యం కోసం. అది మిగలకపోయినా ఈ నెల రమ్మనే రాసేదాన్ని.

నీ చెల్లెలు