తిరగేసిన బొంత

అక్కా,

ముందు కూర్చో, తర్వాత చదువు. నాకైతే నిన్నటి నుంచి కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

ఎగ్జిబిషన్ వాళ్ళు మన బొంతను తిరగేసి వేలాడదీశారు. మనం ఏరికోరి అతికిన రంగు ముక్కలన్నీ గోడవైపు, ముడులూ దారప్పోగులూ జనంవైపు. నాకు తల కొట్టేసినట్టయింది. సరిచేయమని అడగబోతుంటే, ఏ దేశం నుంచో తన బొంత తెచ్చిన ముసలావిడ ఒకామె దాన్నే చూస్తూ కనిపించింది. ఇది నాదని సైగ చేశాను. ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకు రాదు.

ఆవిడ కుట్ల వెంట వేలు పోనిస్తూ, నన్ను చూసి తలాడించింది. సగానికి వచ్చేసరికి వేలు ఆగిపోయింది. అక్కడి నుంచి కుట్లన్నీ ఎదురువైపు వాలాయి కదా, నీది ఎడమచేతి వాటం మరి. ఆవిడ నా కుడిచేతి వేలి మీది సూది గుర్తులు చూసి, ఈ సగం నీది కాదన్నట్టు నవ్వి, తన ఎడమచేత్తో గాల్లో కుట్టి చూపించింది. ఆపైన నా వెనక్కీ, తలుపు వైపూ ఎవరికోసమో వెతికింది.

"నా కుట్టు ఎవరు గుర్తుపడతారే, నీ పేరొక్కటే రాసుకో" అన్నావుగా. ఇప్పుడు చెప్పు.

బొంతను అలాగే ఉంచమన్నాను. ప్రదర్శన ఆదివారం దాకా ఉంది. బావకు వంట వచ్చు, రానట్టు నటిస్తాడంతే. వెంటనే బయల్దేరు. ఆవిడ నా పక్కన కుర్చీ వేసి, ఎవరినీ కూర్చోనివ్వడం లేదు.

నీ చెల్లి