వెంకటయ్య గారికి శాలువా

ఉప్పల్

తొలికిరణం హైస్కూల్ కరస్పాండెంట్ శ్రీ నతానియేలు గారికి మూసీతీర విశ్వవిద్యాలయం నుంచి ఉమామహేశ్వర్ నమస్కారాలు.

బడికీ విశ్వవిద్యాలయానికీ మధ్య గోడ తీసేసి, సైన్సునూ కళలనూ ఒకే పాఠంలో కలిపి చెప్పించాలని మా సంకల్పం. అందుకు నాచారంలో ఒక బడితో పొత్తు పెట్టుకోదలిచాం. వచ్చే నెల పైనుంచి ఒక కమిటీ వచ్చి మా పని చూస్తుంది. ఆలోగా పొత్తు కుదరాలి. మీ బడిలో సైన్సు ఎవరు, ఎలా చెబుతారో తెలియజేయండి. ఈమెయిల్ అయితే త్వరగా అందుతుంది.

ఇట్లు,
డా. ఉమామహేశ్వర్, బడి పొత్తుల విభాగం

తా.క.: కాగితం మీద రాసినా ఇబ్బంది లేదు. మా టపా సెక్షన్ బుచ్చిరాములు గారు దాన్ని స్కాన్ చేసి నా కంప్యూటర్‌కు పంపుతారు. అసలు కాగితం బీరువాలోకి పోతుంది. దాన్ని మళ్ళీ ఎవరూ చూడరు.

*

నాచారం

డాక్టర్ ఉమామహేశ్వర్ గారిని ప్రభువు చల్లగా చూడాలని కోరుతూ నతానియేలు వ్రాయునది.

మీ ఉత్తరం చేరింది. ఈమెయిల్ రాక కాదు గానీ, దాని పాస్‌వర్డు మా మనవరాలి దగ్గర ఉంది, మనవరాలు చెంగిచెర్లలో అత్తగారింట్లో ఉంది. చెంగిచెర్ల అంటే గుర్తొచ్చింది. ఒకప్పుడు అక్కడ పొద్దుగూకితే నక్కల కూతలు వినబడేవి. ఇప్పుడు బోరు బండ్ల మోత. నక్కలే నయం, తెల్లారేసరికి ఊరుకునేవి. సరే, విషయానికి వస్తాను.

నేను బడికి పోయి చదివినవాణ్ణి కాను. నాచారం ఫ్యాక్టరీలో మిషను పక్కన నిలబడి, మిర్చిబజ్జీ పొట్లాల కాగితాలు విప్పి చదువుకున్నాను. అందుకే ఇప్పటికీ నాకు ఏ కథకూ ముగింపు తెలియదు. ఆ కసితోనే ఈ బడి పెట్టాను. ఈమధ్య మాకు ఎదురుగా ఏసీ బడి ఒకటి వచ్చింది. దాని గేటు దగ్గర ఏనుగు బొమ్మ తొండంతో నీళ్ళు చిమ్ముతుంది. మా పిల్లల్లో సగంమంది ఆ తొండం వెంట పోయారు. ఈ ఏడు అడ్మిషన్లు రాకపోతే బడి ఎత్తించి ఫంక్షన్ హాలు కడతానని ఇంటి యజమాని అంటున్నాడు. మీ విశ్వవిద్యాలయం పేరుతో మా గేటుకు ఒక బోర్డు పడితే చాలు, బడి నిలుస్తుంది. నా స్వార్థం ఇంతే, దాచలేదు.

ఇక సైన్సు. దానికి మాకు వెంకటయ్య గారున్నారు. మనిషి శరీరం గురించి ఆయన చెప్పినంత విప్పి చెప్పేవారు ఉప్పల్, నాచారంలో లేరు. బడి పెట్టినప్పటి నుంచీ ఉన్నారు. ఒక్కరోజు సెలవు పెట్టలేదు. ఒక్క పిల్లవాడిని తిట్టలేదు. కాస్త బక్కపలచన. కాగితం నిండింది, ఉంటాను.

మీ మేలు కోరే,
నతానియేలు

(కాగితం వెనకవైపు)

తా.క.: వెంకటయ్య గారు అస్థిపంజరం. మీరు చదువుకున్నవారు, ఈపాటికే గ్రహించి ఉంటారు. ప్లాస్టిక్ సరుకే గానీ గట్టిది. పార్సెల్ విడిపించిన మా వ్యాన్ డ్రైవర్ పేరు పెట్టె మీద రాసి ఉంటే, అది లోపల ఉన్నాయన పేరనుకున్నారు పిల్లలు. ఆ అవమానం పడలేక అసలు వెంకటయ్య దమ్మాయిగూడ పోయి సొంతంగా ఆటో నడుపుకుంటున్నాడు. పాఠం జరిగేటప్పుడు ఎనిమిదో తరగతి సంతోషి ఈయన వెనక దాక్కుని, ఈయన చేతులు ఆడిస్తూ, గొంతు మార్చి మాట్లాడుతుంది. మా సైన్సూ అదే, మా కళా అదే.

*

ఉప్పల్

పెద్దలు నతానియేలు గారికి ఉమామహేశ్వర్ నమస్సులు.

మీ ఉత్తరం స్కాన్ అయి అందింది. చెప్పదలచింది ఒక్క పేజీలో ముగించే మీ పద్ధతి మా ప్రొఫెసర్లు నేర్చుకోదగ్గది.

వెంకటయ్య గారి గురించి చదివి మా వైస్ ఛాన్సలర్ గారు కదిలిపోయారు. కమిటీ ముందు ఆయన చేతనే పాఠం చెప్పించి, శాలువా కప్పాలని నిర్ణయించాం. కారు పంపుతాం. భోజనం శాకాహారమా, మాంసాహారమా? షుగర్ ఉందా? పాఠం నిలబడి చెబుతారా, కుర్చీ వేయించమంటారా?

సెలవు,
ఉమామహేశ్వర్

తా.క.: సభ మూడో అంతస్తులో. ఆయన మెట్లు ఎక్కగలరా? మా లిఫ్టు కమిటీ వచ్చిన రోజున తప్పక పనిచేస్తుంది గానీ, కమిటీయే అందులో ఉంటుంది.

*

నాచారం

మనసున్న డాక్టరు గారికి నతానియేలు దీవెనలు.

మీ ఉత్తరం చదివి కళ్ళు తుడుచుకున్నాను. వెంకటయ్య గారి భోజనం సంగతి ఇన్నేళ్ళలో అడిగిన మొదటివారు మీరే. పెద్ద చదువు మనిషికి ఇంత మర్యాద నేర్పుతుందని నాకు తెలియదు. తెలిస్తే నేనూ చదివేవాణ్ణి.

మీరడిగినవి చెబుతాను. ఆయన ఏమీ తినరు. షుగర్ లేదు, బీపీ లేదు. నిలబడే చెబుతారు, కూర్చోబెట్టడమే కష్టం. మెట్లయితే ఎవరైనా ఎత్తుకుని ఎక్కించాలి, బరువు లేరు. శాలువాకు పిన్నీసు పెట్టండి, భుజాల మీద నిలవదు. కుడి బొటనవేలు లేదు. దయచేసి కరచాలనం ఎవరూ గట్టిగా చేయవద్దు.

మీ ఆదరణ మరువని,
నతానియేలు

(కాగితం వెనకవైపు)

తా.క.: వేలు మేక ఎత్తుకుపోయింది. సభకు ముందు మోకాలు బిగింపిద్దామని ఆయన్ను రామంతాపూర్ తీసుకుపోయి, షేర్ ఆటోలో వెనక్కి వచ్చాను. ఎక్కేటప్పుడు డ్రైవర్ పట్టుకున్నాడు. “ఎవరు తాతా గీయన?” “మా సారు.” “సారైతే సీటు పైసలియ్యి, సామానైతే మీద కట్టు. రెంటి నడుమ వెట్టి నన్ను ఆగం జెయ్యకు.” సీటుకే ఇచ్చాను, మర్యాద ముఖ్యం కదా. ఉప్పల్ చౌరస్తాలో ఒక పెద్దమ్మ ఎక్కి, కళ్ళద్దాలు లేవేమో, ఆయన్ను మోచేత్తో పొడిచి, “జర జరుగు బిడ్డా” అంది. తరువాత తడిమి చూసి, “ఇంత చిక్కినవేందిరా!” అని నా వైపు తిరిగి, “ఇంట్ల వీనికేం పెడ్తలేరా?” అని కోప్పడింది. నేను దిగేదాకా తల ఎత్తలేదు.

*

ఉప్పల్

నతానియేలు గారికి, నమస్కారం.

మీ ఉత్తరం మాకు నిద్ర లేకుండా చేసింది. ఏమీ తినని, ఎత్తుకుంటే తప్ప మెట్లెక్కలేని మనిషి చేత ఇంకా పాఠాలు చెప్పిస్తున్నారా? మా సిబ్బంది విభాగం వారు అభ్యంతరం చెప్పారు. వెంకటయ్య గారి ఛాతీ ఎక్స్‌రే, వేలిముద్ర పంపాలి. బొటనవేలు లేదు కనుక చూపుడు వేలు చాలు. అవి లేకపోతే ఆయన రావడానికి లేదు. ఆయన రాకపోతే పొత్తు లేదు, బోర్డూ లేదు.

విచారంతో,
ఉమామహేశ్వర్

తా.క.: ఇంత జరుగుతుంటే ఆయన ఇంట్లోవాళ్ళు ఏమంటున్నారు?

*

నాచారం

డాక్టరు గారికి, బతిమాలుకుంటూ నతానియేలు.

మీ మాట కాదనలేక ఆయన్ను ఉప్పల్‌లో ల్యాబుకు తీసుకుపోయాను. ఎక్స్‌రే అవసరమే లేదని వాళ్ళు చూడగానే తేల్చేశారు. ఇంక వేలిముద్ర. మూడుసార్లు ఇంకులో ముంచాను. చుక్క పడింది గానీ గీత పడలేదు. ఇంట్లోవాళ్ళంటారా, ఆయన వచ్చినప్పుడే ఒంటరిగా వచ్చారు.

డాక్టరు గారూ, నిన్న ఇంటి యజమాని వచ్చి, పెళ్ళి స్టేజీ ఎక్కడ వేయాలో చూసుకున్నాడు. సరిగ్గా రెండో తరగతి మీద పడింది. ఆ పిల్లలు పాపం చప్పట్లు కొట్టారు. ఎక్స్‌రే పేరుతో మా బోర్డు ఆపకండి. అనుకున్న రోజుకు వెంకటయ్య గారిని నేనే స్వయంగా తెస్తాను. ఒక్కసారి ఆయన పాఠం విని, ఆ తరువాత కాదంటే కాదనండి.

మీ మీద ఆశ పెట్టుకున్న,
నతానియేలు

(కాగితం వెనకవైపు)

తా.క.: ల్యాబు అమ్మాయి ఏమందో రాయకుండా ఉండలేను. “తాతా, గీయనకు తీసెటిదేముంది? అన్నీ కనవడ్తనే ఉన్నయ్ గదా!” “నేను గాదు బిడ్డా, యూనివర్సిటీ సార్లు అడుగుతున్నరు.” “గట్లనా? అయితె వాళ్ళనే తోలుకరా. తలకాయకు తీస్త.”

*

ఉప్పల్

పూజ్యులు నతానియేలు గారికి, సిగ్గుతోనూ సంతోషంతోనూ ఉమామహేశ్వర్.

మొన్న హాల్లో మీరు వెంకటయ్య గారి వెనక ఉన్నారు కనుక నా ముఖం మీకు కనబడి ఉండదు. ఎక్స్‌రే రాకపోయినా, ప్రకటన అచ్చయిపోయింది కనుక సభ ఆపలేకపోయాం. మైకులో నేనేమన్నానో గుర్తుందా? “పిల్లల కోసం తిండి మాని, ఎముకల గూడైపోయిన మహానుభావుడు, శ్రీ వెంకటయ్య గారు!” హాలంతా లేచి నిలబడింది. అప్పుడు మీరు ఆయన్ను చంకల కింద పట్టుకుని తెచ్చారు. శాలువా నా చేతిలోంచి జారింది. ఉద్యోగం కూడా దానితోపాటే జారిందనుకున్నాను.

అంతలో ఆయన వెనక నుంచి సంతోషి గొంతు. “నమస్తే సార్. నన్ను జూసి గట్ల బెదురుతరేంది? మీ లోపట గూడ నేనే ఉన్న. గా కోట్లు, గా చీరలు ఇప్పి పక్కకు వెడితే మనమందరం ఒక్క తీరే!” ముందు వరసలో నవ్వు మొదలైంది. ఆ తరువాత ఆ పిల్ల మా ఫిజిక్స్ ప్రొఫెసర్‌ను స్టేజీ మీదికి పిలిచి, మోకాలు ముందుకెందుకు వంగదో ఆయన చేతనే చెప్పించింది. నాట్యం పిల్లలతో ఆ మోకాలు ఆడించింది. బొమ్మలు వేసే పిల్లలతో గీయించింది. సైన్సు ఎక్కడ అయిపోయిందో, కళ ఎక్కడ మొదలైందో మాకెవరికీ తెలియలేదు. కమిటీ అధ్యక్షురాలు మేడమ్ చప్పట్లు ఆపలేదు. పొత్తు ఖాయం. సోమవారం మా మనుషులు వచ్చి మీ గేటుకు బోర్డు బిగిస్తారు. ఇంటి యజమానిని కూడా పిలవండి, నిచ్చెన పట్టుకుంటాడు.

సభ అయ్యాక బీరువా తెరిపించి మీ ఉత్తరాలు తిరగేశాను. ప్రతి దానికీ వెనక ఒక పేజీ! బుచ్చిరాములు గారిని నిలదీస్తే, “కాయితం స్కాన్ చెయ్యుమన్నరు, చేసిన. తిరగెయ్యుమని ఎవరన్నరు సార్?” అన్నారు. కోపం వచ్చింది. తరువాత ఆలోచించాను. మీ మొదటి ఉత్తరం వెనక చదివి ఉంటే, అస్థిపంజరాలు మా దగ్గరే చాలా ఉన్నాయని మర్యాదగా రాసి ఊరుకునేవాణ్ణి. మీ రెండో తరగతిలో ఈపాటికి ఎవరివో తలంబ్రాలు పడుతుండేవి. అందుకని బుచ్చిరాములు గారి పద్ధతి మార్చవద్దని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చాను.

మీ శిష్యుడు,
ఉమామహేశ్వర్

(కాగితం వెనకవైపు)

తా.క.: ఇది మీ పద్ధతిలో. మేడమ్ కారెక్కుతూ నన్ను పిలిచి, “ఆ పాప అద్భుతం. అన్నట్టు, ఆ వెంకటయ్య గారు రాలేదేం? ఒంట్లో ఇంకా బాగాలేదా?” అన్నారు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. “వచ్చారు మేడమ్. కానీ ఆయన తాను నోరు విప్పరు, పిల్లలతోనే మాట్లాడిస్తారు” అన్నాను. “అదీ టీచరంటే!” అని, ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారానికి అక్కడికక్కడే ఆయన పేరు రాసుకున్నారు. ఫొటో కావాలట. చొక్కా తొడిగి తీయించండి. నవ్వమని మాత్రం వేరే చెప్పనక్కర లేదు.