నల్లా కొడుక్కి, షేకర్ కోడలికి

పురానాపూల్ దర్వాజా పక్క గల్లీలో సొంత ఇంట్లో ఉంటున్న కొండల్ అనే నేను, వయసు అరవై రెండు, ఈ వీలునామాను నా చేత్తో రాస్తున్నాను. గుండె బలహీనంగా ఉందని డాక్టరు చెప్పాడు. బుద్ధి గురించి ఆయన ఏమీ అనలేదు కాబట్టి అది సరిగ్గానే ఉన్నట్టు. నన్నెవరూ బలవంతపెట్టలేదు, బతిమాలలేదు. కోపం మాత్రం ఉంది. కోపంతో రాసినంత మాత్రాన కాగితం చెల్లకుండా పోదని వకీలును అడిగి తెలుసుకున్నాను.

ఇందులోని మాటలు అమలు చేసే బాధ్యత నా స్నేహితుడు, క్లబ్బులో నాతోపాటు వంటవాడిగా చేసిన ఇశ్రాయేలుకు అప్పగిస్తున్నాను. ఇంతకుముందు నేను వేరే వీలునామా ఏదీ రాయలేదు.

1. ఆస్తి కంటే ముందు నా ఉద్యోగం పేరు సరిచేయాలి. నేను ఆబ్దారును. ఆబ్ అంటే నీళ్లే, కాదనను. వెనకట నవాబుల దేవిడీల్లో నీళ్లు చల్లబరిచి పెద్దల భోజనాల దస్తర్‌ఖాన్ దగ్గర అందించేవాణ్ని ఆబ్దార్ అనేవారు. క్లబ్బులు వచ్చాక నీళ్ల పక్కన సోడా, సోడా పక్కన విస్కీ, వైను చేరాయి గానీ పేరు మారలేదు. సికింద్రాబాదు వైపు ఒక క్లబ్బులో ముప్పై ఒక్క ఏళ్లు బార్ వెనక నిలబడి మందు కలిపాను. ఒక్క చుక్క తాగలేదు. ఒక్క సీసా ఇంటికి తేలేదు.

1345 ఫస్లీలో, అంటే ఇంగ్లీషు 1936లో, నా ఒక్కగానొక్క కొడుకు సోమశేఖర్‌కు పిల్లనడగడానికి మాదన్నపేట వెళ్లాం. పిల్ల సావిత్రి. తండ్రి వైకుంఠం గారు అక్కడి మార్కెట్లో నిమ్మకాయల టోకు వ్యాపారి. నేను ఏం పని చేస్తానని ఆయన అడిగారు. నేను నోరు తెరిచేలోపే నా కొడుకు అందుకుని, "బాపు ఆబ్దారు. ఆబ్ అంటే నీళ్లు గద మామా, నీళ్ల మహకమాల పెద్ద నౌకరి" అన్నాడు. అంటే నీళ్ల శాఖలో పెద్ద ఉద్యోగమని. నేను కాదనలేదు. ఆ తప్పు నాది. దాన్ని ఎవరికీ రాసివ్వను.

అప్పటినుంచి పదకొండేళ్లుగా వైకుంఠం గారు మా గడప తొక్కితే ఒకటే మాట. "బావ, మా నల్లా సన్నగ వస్తున్నది, జర సూడరాదు." నేనేం చూడను? చూస్తానని చెప్పి పంపేవాణ్ని. ఒక ఏడు నల్లా మంచిగా వస్తోందని చెప్పి నాకు కాశ్మీరు శాలువా కప్పారు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, అంతే. అది కప్పుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. చలికి కాదు, సిగ్గుకు. ఆ శాలువాను ఇశ్రాయేలు కుక్కకు పరుపుగా ఇస్తున్నాను.

2. ఈ ఇల్లు సోమశేఖర్‌కు, సావిత్రికి చెరిసగం. వాకిట్లో ఉన్న నల్లా మాత్రం సోమశేఖర్ ఒక్కడికే. నీళ్ల మహకమా పెద్ద నౌకరు కొడుకు కాబట్టి ఆ మాత్రం ఆస్తికి తగినవాడే. అది రెండేళ్లుగా కారుతోంది. కారడం కూడా వాడిదే. ఏ చేతులు సీసాలు పట్టి వాణ్ని పట్టా చదువు దాకా తెచ్చాయో ఆ చేతుల పేరు చెప్పడానికి వాడికి నోరు రాలేదు. ఇది నేను బతికుండగా వాడి ముఖాన అనాల్సింది. అనలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

3. మందు ఊపి కలిపే నా వెండి పూత షేకర్, పొడుగు చెంచా, కలిపే లెక్కలు రాసుకున్న నోటుబుక్కు, ఇవన్నీ నా కోడలు సావిత్రికి. ఇందులో మరెవరికీ వాటా లేదు.

షేకర్‌ను నా ఉస్తాద్ నాకు ఇచ్చాడు. పెళ్లయ్యాక వియ్యాలవారి కంట పడకూడదని నా కొడుకు దాన్ని బియ్యం డబ్బాలో పాతిపెట్టాడు. నా ఇంట్లో, నా పనిముట్టును. రెండో ఏడు నేను చెయ్యి పెట్టి చూస్తే అది పాత చీర ముక్కలో చుట్టి ఉంది, తళతళా తోమి ఉంది. సావిత్రి నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. ఎండాకాలం ఒకరోజు మాత్రం, "మామా, నిమ్మ షర్బతు మీరు కలిపినట్టు నాకెందుకొస్తలేదు, జర నేర్పుండ్రి" అంది. నా కొడుకు దాచిపెట్టినదాన్ని ఆ పిల్ల నేర్చుకుంది. నాకు ఆమె మీద ఉన్న ప్రేమ ఎంతని రాయను, చాలా ఉంది.

4. షేకర్‌తోపాటు ఈ మాటలు కూడా ఆమెవే. మందుకైనా షర్బతుకైనా పద్ధతి ఒకటే.

ఐసు పెద్ద ముక్కలుగా ఉండాలి. పొడి చేసిన చూరా వేస్తే గ్లాసు నిండా నీళ్లే మిగులుతాయి, అప్పుడు నా కొడుకు చెప్పిన నౌకరీ నిజమవుతుంది. చక్కెర చల్లని మందులో కరగదు, పాకం చేసి పెట్టుకోవాలి. నిమ్మరసం పడ్డదాన్ని ఊపాలి. రసం లేకుండా మందులే కలిసేదాన్ని చెంచాతో తిప్పాలి. మార్టినీని ఊపమని పట్టుబట్టి, తెల్లబడిపోయిందని మళ్లీ నన్నే తిట్టిన కెప్టెన్లు ఉన్నారు. షేకర్ చప్పుడు మొదట గరుకుగా ఉంటుంది, తర్వాత మెత్తబడుతుంది. మెత్తబడి, లోహం మీద మంచు పట్టగానే ఆపాలి. తీపి, పులుపు, మందు మూడింటిలో ఏదీ నోటికి ముందుగా తగలకూడదు.

నిమ్మకాయ తోలు పలుచగా, చేతికి బరువుగా ఉండాలి. అప్పటికప్పుడు కోసి రెండు వేళ్లతో ఒత్తాలి. పగబట్టినట్టు పిండితే తోలు చేదు దిగుతుంది. మొదటి ఇరవై ఒక్క ఏళ్లు క్లబ్బుకు కాంట్రాక్టరు తెచ్చిన కాయల్లో సగం వాపసు కొట్టాను. ఆ తర్వాత నేను పని మానేదాకా, పదేళ్లపాటు, ఒక్క కాయ కొట్టాల్సిన అవసరం రాలేదు. బస్తా అడుగున కూడా అదే తీరు. ఎవరో కూర్చుని ఒక్కొక్క కాయ ఏరుతున్నారని తెలిసేది. ఈ ఊళ్లో నా పని విలువ తెలిసినవాడు ఆ ఏరేవాడు ఒక్కడే అనుకునేవాణ్ని.

వైను సంగతి. సీసా మీది బొమ్మ చూసి, ధర చూసి ఎంచేవాళ్లు దద్దమ్మలు. సీసాను పడుకోబెట్టి దాచారా అని అడగాలి. నిలబెడితే బిరడా ఎండి గాలి దూరుతుంది. బిరడా తీశాక వాసన చూడాలి, తడిసిన అట్ట వాసన వస్తే ఎంత పాతదైనా పారబోయాలి. ఎర్ర వైను గది వేడిలో ఇవ్వాలని వాళ్ల పుస్తకాల్లో ఉంటుంది. ఆ పుస్తకాలు రాసినవాళ్ల గదుల్లో మన మే నెల ఉండదు. తడిగుడ్డ చుట్టి గాలికి పెట్టాలి. మన మసాలా కూరలకు ఎర్రది వద్దు, మంట పెంచుతుంది. కొంచెం తీపి ఉన్న తెల్లదాన్ని బాగా చల్లగా ఇవ్వాలి. ఈ మాట అన్నందుకు ఒక జాగీర్దారు నిండు బల్ల ముందు "తూ మేరెకు సిఖాతా క్యా", నువ్వు నాకు నేర్పుతావా అని అరిచాడు. ఎర్రదే పోశాను. నాలుగు ముద్దలయ్యాక మంచినీళ్లు అడిగాడు. అవీ నేనే ఇచ్చాను, ఆబ్దారును కదా.

5. నా పదకొండో రోజున ఇశ్రాయేలు ఈ కాగితం మొత్తం అందరి ముందు గట్టిగా చదవాలి. వైకుంఠం గారిని ముందు వరసలో కూర్చోబెట్టాలి. సోమశేఖర్ మధ్యలో లేచి బయటికి పోకూడదు. పోతే ఇంట్లో వాడి సగం కూడా సావిత్రికే చెందుతుంది.

6. ఇది ఇవాళ సాయంత్రం చేర్చింది. రెండో సాక్షి కోసం చూస్తుంటే వైకుంఠం గారే వచ్చారు, అదే నల్లా మాటతో. నాకు ఓపిక అయిపోయింది. చచ్చేదాకా ఆగడం ఎందుకని కాగితం ఆయన చేతిలో పెట్టాను. ఆయన నిమ్మకాయల గురించి రాసిన చోట ఆగారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"లగ్గమైన ఏడే నాకు మాలూమైంది బావ. గా కాంట్రాక్టరు మా దగ్గరనే కొంటడు. క్లబ్బుల కొండల్ అని ఒక ఆబ్దారున్నడు, తోలు మందమున్న కాయ వాపస్ కొడ్తడు అన్నడు. అప్పటిసంది మీ బస్తా నౌకర్లకియ్యలే, నేనే ఏరిన. మీరు చెప్పుకోనిది నేనెట్ల అడుగుత? నల్లా ముచ్చట తియ్యకుంటే నాకు తెలిసిందని మీకు షక్ వస్తదని గట్ల అడుగుకుంట వచ్చిన. మా నల్లాకేంది, మంచిగనే వస్తది. శాలువ గూడ నల్లాకు కాదు బావ."

ఏ జబ్బూ లేని నల్లాకు పదకొండేళ్లు జవాబు చెప్పించినందుకు ఈ మనిషి మీద నా కోపం తగ్గలేదు. తగ్గిందని రాయను. అయితే ఐదో షరతును రద్దు చేస్తున్నాను. దాని బదులు, పదకొండో రోజు వచ్చినవాళ్లకు సోమశేఖర్ తన నల్లా నీళ్లతో, వైకుంఠం గారి కాయలతో, సావిత్రి చెప్పినట్టు ఆ షేకర్లో షర్బతు కలిపి తన చేత్తో ఇవ్వాలి. బాపు ఏం నౌకరీ చేసేవాడని ఎవరైనా అడిగితే, ఉన్న మాట చెప్పాలి.

మొదటి క్లాజులో శాలువా గురించి రాసింది కొట్టివేస్తున్నాను. ఇశ్రాయేలు కుక్క నన్ను క్షమించాలి. ఆ శాలువా ఎవరికీ లేదు. నా మీద కప్పి నన్ను తీసుకుపోండి.

1356 ఫస్లీ, ఇస్ఫందార్ నెల 9, అనగా ఇంగ్లీషు 1947 జనవరి.
పురానాపూల్, హైదరాబాదు.

(సంతకం) కొండల్, ఆబ్దార్

సాక్షులు:
శివయ్య, పాల వ్యాపారి, పురానాపూల్.
వైకుంఠం, నిమ్మకాయల వ్యాపారి, మాదన్నపేట. అంతా చదివి, ఎప్పటినుంచో తెలిసి చేసిన సంతకం.