మన కొలత నిలబడింది, ప్రసాద్

ప్రసాద్,

ఇంట్లో నింపుకునే తూటాలకి మనిద్దరం కలిసి కుదుర్చుకున్న మందు కొలతని నాకు చెప్పకుండా మార్చనని మాటిచ్చావు. మార్చావు. "కాస్త తగ్గించు గురూ, చెయ్యి అదరదు" అని మనతో పోటీలకొచ్చే మూర్తి అన్నాడంతే. ఎండల్లో బాగానే పేలాయి. చలికాలం పోటీలో మందు నీరసించి, ఉండాల్సిన కనీస వేగం లేక, వేగం కొలిచే యంత్రం ముందు నీ తూటాలు ఫెయిలయ్యాయి. నీ స్కోరంతా రద్దు చేశారు. తప్పు నేను చెప్పిన అసలు కొలతలోనే ఉందని మూర్తి ఊరంతా చెప్పాడు. నువ్వూ నమ్మావు. మళ్ళీ నా ముఖం చూడలేదు.

నువ్వు పోయాక మీ ఆవిడ సరోజమ్మ నీ పిస్టల్ తెచ్చి, "ఇది మీ దగ్గరే ఉండాలి అన్నయ్యగారూ" అంది. నిన్న దానితోనే పోటీకి వెళ్ళాను. షూటింగ్ రేంజ్‌లో గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉంది. నా బెల్టులోంచి తూటాలు తీసి యంత్రం దగ్గరికి పట్టుకెళ్తుంటే మూర్తి నవ్వాడు.

"ఇంకా ఇంటి వంటేనా సార్? స్టోర్‌లో కొనేయొచ్చుగా!"

"నువ్వు ఉప్పు చూడనంతవరకూ రుచికి ఢోకా లేదు మూర్తీ."

మన పాత కొలత, చిటికెడు కూడా మార్చలేదు. అన్నీ నెగ్గాయి.

"ఇవాళ అంత కోల్డ్ లేదులెండి," అన్నాడు, రెండు చేతులూ జాకెట్ జేబుల్లో దూర్చుకుని.

యుద్ధ చరిత్రలు చాలా చదివాను. ఓడినవాడికి సలహా ఇచ్చినవాడి పేరు వాటిలో ఉండదు. అందుకే నేను రాసి పెడుతున్నాను. నీ మీద కోపం నీ పిస్టల్ శుభ్రం చేస్తున్నప్పుడే పోయింది. నీ చివరి ఏళ్ళు నాకు దక్కకుండా చేసినవాడు మూర్తి.